వ్యాధి వేరు – వైరము వేరు
దంపతులకు శరణుల బోధ



వీరశైవము గృహస్థుల ధర్మము. సంసారమును విడిచి అడవికి పోయినవానికే ముక్తి కలుగునను మాటను 12వ శతాబ్దపు శరణులు అంగీకరింపలేదు. బసవేశ్వరుడు కల్యాణ నగరమున బిజ్జలుని కొలువులో నుండి, గంగాంబికా నీలాంబికలతో కాపురము చేయుచునే అనుభవ మంటపమును నడపెను. ముదనూరు నేతగాడు జేడర దాసిమయ్యకు దుగ్గళమ్మ, కట్టెలమ్మి జీవించిన మోళిగె మారయ్యకు మహాదేవమ్మ, బియ్యపు గింజలేరి దాసోహము చేసిన ఆయ్దక్కి మారయ్యకు లక్కమ్మ తోడుగా నిలిచిరి. శరణులలో పెక్కురు జంటలుగానే పేరు పొందిరి. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించి శివభక్తుల జీవితములను తెలుగువారి ముంగిళ్లకు చేర్చెను. దంపతుల భక్తి రెండు దారులు పట్టరాదనునది ఈ మహనీయుల జీవితములు చెప్పు మొదటి పాఠము.

ఇట్టి ధర్మమును పాటించు కుటుంబములలో సైతము ఒక విషయమును గూర్చి ఎవ్వరును పెదవి విప్పరు. పెండ్లియై మాసములు గడచినను దంపతుల నడుమ శరీర సంబంధము కుదరకపోవుట; కుదిరినది కొన్నాళ్ల పిమ్మట చెడుట; ఒకరికి కోరిక యుండి మరియొకరికి లేకపోవుట; సంయోగమున నొప్పి కలుగుట. ఇది ప్రవచనములలో వినబడదు. తల్లి కూతునకు చెప్పదు. తండ్రి కుమారునకు చెప్పడు. చెప్పనంత మాత్రమున ఆ బాధ లేకుండ పోదు. అది వేరొక రూపమున, వేరొక పేరుతో బయటపడును. పులుసులో ఉప్పు ఎక్కువైనదని, పుట్టింటివారు ఉత్తరము వ్రాయలేదని, దుకాణము నుండి ఆలస్యముగా వచ్చితివని జరుగు జగడములలో కొన్నింటికి వేరు పడకగదిలో నుండును.

శరణ ధర్మమున దేహమునకు గల స్థానమును ముందుగా గ్రహింపవలెను. ఇష్టలింగమును ధరించిన దేహము శివుని నివాసము. అందు ఒక అవయవము పవిత్రము, మరియొకటి అపవిత్రము అను విభజన లేదు. జాతి, జన్మ, మరణ, రజస్సు, ఉచ్ఛిష్టములను పంచసూతకములు లింగధారికి అంటవని శరణులు నిర్భయముగా చాటిరి. బహిష్టు దినములలో సైతము స్త్రీ లింగపూజ చేసికొనవచ్చునని చెప్పిన ధర్మమునకు, ఆ దేహమునకు కలుగు నొప్పిని గూర్చి మాటలాడుట అపచారము కానేరదు. చూపు మసకబారిన వైద్యుని కడకు పోవుదురు. మోకాలు నొచ్చిన తైలము రాచుకొందురు. జననేంద్రియమునకు లోపము కలిగినప్పుడు మాత్రము అది తమ శీలమునకే పడిన మచ్చయని దాచుకొందురు. ఇది అజ్ఞానము. వ్యాధికి సూతకము లేదు.

ఆ లోపములకు గల కారణములు చాలవరకు తెలిసినవే. మధుమేహము నరములను, సన్నని రక్తనాళములను దెబ్బతీయును. అందుచేత పురుషునకు అంగస్తంభన తగ్గుట ఆ వ్యాధిగ్రస్తులలో తరచుగా కనబడును. రక్తపుపోటుకు, మనోవ్యాకులతకు ఇచ్చు మందులలో కొన్నింటి వలన కూడ కోరిక గాని, పటుత్వము గాని తగ్గవచ్చును. పొగాకు, మద్యము ఆ పనినే మెల్లమెల్లగా చేయును. కొందరిలో ఈ లోపము రాబోవు గుండెజబ్బునకు తొలి హెచ్చరిక. గుండె నాళములకంటె అక్కడి నాళములు సన్ననివి గనుక చెరుపు ముందుగా అచ్చటనే బయటపడును. అందుచేత దానిని దాచువాడు ఒక్కొక్కప్పుడు తన ప్రాణమునకు వచ్చిన హెచ్చరికనే దాచుచున్నాడు.

స్త్రీకి కానుపులో పడిన కుట్లు మానక నొప్పి యుండవచ్చును. బిడ్డకు పాలిచ్చు కాలమునను, ముట్లుడిగిన పిమ్మటను తడి తగ్గి మంట పుట్టును. కొందరు నవవధువులకు వారి సంకల్పముతో పనిలేకయే కండరములు బిగిసికొని సంయోగము అసాధ్యమగును. ఇది మొండితనము కాదు, అయిష్టము కాదు. చికిత్సకు లొంగు స్థితి. ఇక యువకులలో అనేకులు ధాతువు నష్టమగుచున్నదను భయముతో క్రుంగిపోవుచుందురు. 1960లో నరేంద్రనాథ్ విగ్ అను భారతీయ మనోవైద్యుడు ఈ భయమునే ఒక వ్యాధిలక్షణముగా గుర్తించి దానికి పేరు పెట్టెను. అచ్చట పీడించునది ధాతునష్టము కాదు, ఆ భయమే.

ఇవి వ్యాధులు. ఇవి వైరములుగా మారుట ఎట్లు?

ఒక గృహమును ఊహించుకొనవచ్చును. భర్తకు నలుబది యైదేండ్లు. మధుమేహము వచ్చి ఆరేండ్లయినది. రెండు మూడు మారులు శయ్యపై విఫలుడయ్యెను. సిగ్గుచేత ఏమియు చెప్పలేదు. మరల విఫలుడగుదునేమో యను భయముచేత భార్య చేయి తగిలినను ప్రక్కకు జరుగుట అలవాటు చేసికొనెను. రాత్రి లెక్కలు చూచుకొను నెపమున ఆలస్యముగా వచ్చును. భార్య తనపై మనసు లేదనుకొనును; వేరొకతె ఉన్నదేమోనని శంకించును. శంకను నోటితో అనలేదు గనుక ఆలస్యమును గూర్చి నిలదీయును. అతడు విసుగుకొని మరునాడు మరింత ఆలస్యము చేయును. ఇరువురును ఆలస్యమును గూర్చి సంవత్సరమంతయు పోట్లాడుదురు. అసలు సంగతి ఒక్క దినమైనను వారి నడుమకు రాదు.

ఇంకొక గృహము. నవవధువుకు నొప్పి. భర్త దానిని తిరస్కారముగా భావించును. ఇష్టములేని పెండ్లి చేసిరేమో యని మనసు విరుగును. ఆమె తనలో ఏదో లోపమున్నదని రాత్రి యగుచున్నకొలది వణకును. రెండేండ్లు గడచునప్పటికి అత్తగారు మనుమడెప్పుడని అడుగుట మొదలిడును. కోడలు గొడ్రాలని వీధిలో మాట పుట్టును. ఆ ఇంట సంయోగమే జరుగలేదని ఇరువురికి తప్ప ఎవరికిని తెలియదు. ఆ ఇరువురును దానిని గూర్చి మాటలాడుకొనరు.

దంపతుల కలహములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఈ రీతిని చక్కగా గుర్తించిరి. అమెరికాలోని ఆండ్రూ క్రిస్టెన్సెన్ తన సహచరునితో కలిసి 1990లో ప్రకటించిన పరిశోధనలో, ఒకరు వెంటబడి అడుగుట, మరియొకరు మౌనము వహించి వెనుకకు తగ్గుట అను చక్రమును వివరించెను. మార్పు కోరువారు వెంటబడుదురు. మార్పు తన మీదికి వచ్చునని తోచినవారు తప్పుకొందురు. అడిగినకొలది తప్పుకొనుట, తప్పుకొనినకొలది అడుగుట పెరుగును. తిరుగలి రెండు రాళ్ల నడుమ గింజ వలె అసలు విషయము నలిగిపోవును. శయ్యకు సంబంధించిన బాధలో ఈ తిరుగలి మరింత వేగముగా తిరుగును. ఏలయన అందు తప్పుకొనువాడు విషయమును మాత్రమే కాదు, తన అవమానమును గూడ దాచుకొనుచుండును.

ఈ చక్రమును ఆపు నేర్పు శరణ చరిత్రలోనే యున్నది. ఆయ్దక్కి మారయ్య కాయకము నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని చూచెను. అక్కరకు మించిన బియ్యము ఇంట ఉండరాదనియు, తెచ్చినచోటనే విడిచి రావలెననియు భర్తకు చెప్పెను. మారయ్య అట్లే చేసెను. ఈ కథను అపరిగ్రహమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. దాంపత్యమునకును ఇది గొప్ప పాఠమే.

లక్కమ్మ తప్పును కూడబెట్టలేదు, కంటబడినప్పుడే చెప్పెను. ఇరుగుపొరుగుకు చెప్పలేదు, ఎవరికి చెప్పవలెనో వారికే చెప్పెను. బియ్యమును గూర్చి చెప్పునప్పుడు బియ్యమును గూర్చియే చెప్పెను. అతని వంశమును, వెనుకటి పొరపాట్లను త్రవ్వలేదు. మారయ్య వైపు నుండి చూచినను అంతే నేర్పు కలదు. భార్య చెప్పినంత మాత్రమున తన మగతనమునకు లోటు కలిగినదని అతడు తలపలేదు. లేచి, మూట నెత్తికెత్తుకొని, వెనుకకు పోయెను. కలహము కావలసినది కాయకముగా మారెను.

శయ్యాబాధను గూర్చి మాటలాడు దంపతులకు ఇదే మార్గము. బాధను ఎదుట ఉంచవలెను. మనిషిని బోనులో నిలుపరాదు. సమయము చూచుకొనవలెను. విఫలమైన క్షణమున, శయ్యపైననే, చీకటిలో ఆ మాట ఎత్తరాదు. అప్పుడు ఎంత మృదువుగా అనినను అది తీర్పువలె వినబడును. కోపముతో నున్నప్పుడు ఎత్తరాదు. పిల్లలు నిదురించిన పిమ్మట గాని, సాయంకాల లింగపూజ ముగించుకొని ఇరువురును నెమ్మదిగా కూర్చున్నప్పుడు గాని ఎత్తవచ్చును. “ఏమండీ, కొన్నాళ్లుగా మనిద్దరం దూరమైపోతున్నాం. నాకు కోపం లేదు, దిగులుగా ఉంది. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి పోదామా?” అని భార్య అడిగిన, ఆ మాటలో నింద లేదు. “నీకు నొప్పిగా ఉంటే చెప్పు, ఆగుదాం. తొందరేమీ లేదు” అని భర్త అనిన, ఆ మాటయే సగము ఔషధము. “మీరు మగవారేనా” అను మాట గాని, “నీవు చెక్కబొమ్మవు” అను మాట గాని ఒక్కమారు నోట వెలువడిన, ఆ తరువాత ఎన్ని క్షమాపణలు చెప్పుకొనినను శయ్యపై అదియే చెవిలో మ్రోగుచుండును.

మొదటి మాటకు ఇంత ప్రాముఖ్యమేలయని కొందరు అడుగవచ్చును. అమెరికాలో జాన్ గాట్‌మన్, సిబిల్ కారేర్ అను పరిశోధకులు క్రొత్తగా పెండ్లియైన 124 జంటలు వివాదాస్పద విషయమును చర్చించుచుండగా పరిశీలించి, ఆరేండ్లపాటు వారి కాపురములను గమనించిరి. ఆ చర్చలోని మొదటి మూడు నిమిషముల తీరును బట్టియే ఏ కాపురము విడాకుల వైపు పోవునో చాలవరకు ఊహింపగలిగినట్లు 1999లో ప్రకటించిరి. కటువుగా మొదలైన మాట కటువుగానే ముగియును. మృదువచనమును ఆచారముగా బోధించిన శరణుల పరంపరకు ఇది క్రొత్త సంగతి కాదు.

మాటలాడిన పిమ్మట చికిత్స. ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. లోపము ఎవరిదో తేల్చి, వారిని మాత్రమే వైద్యుని కడకు పంపిన చాలునని పెద్దలు తలంతురు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అను ఇరువురు పరిశోధకులు ఎందరో దంపతులకు చికిత్స చేసి 1970లో తమ అనుభవమును గ్రంథముగా వెలువరించిరి. శయ్యాబాధ యున్న ఇంట దానితో సంబంధము లేని భాగస్వామి ఉండడనునది వారి సిద్ధాంతము. రోగి భర్త కాదు, భార్య కాదు. వారి నడుమనున్న దాంపత్యమే రోగి. కావున ఇరువురను కలిపియే చూచెడివారు. చికిత్సారంభమున కొన్ని దినములు సంయోగమునే నిషేధించి, ఒకరినొకరు ప్రేమతో స్పృశించుట మాత్రమే చేయుమనెడివారు. పరీక్షలో నెగ్గవలెనను భయము తొలగిన, ఆ భయము చేత బిగిసిన దేహము తానే సడలుననునది అందలి రహస్యము. వారి తరువాత ఈ విద్య ఎంతో మారినది. అయినను దంపతులను కలిపి చూచుట, స్పర్శతో మొదలిడుట నేటికిని వైద్యులు అనుసరించు పద్ధతులే.

దీనినిబట్టి గృహమున ఆచరింపదగిన ఒక నియమమేర్పడుచున్నది. స్వస్థత కలుగువరకు సంయోగమును వాయిదా వేయవచ్చును గాని ఆప్యాయతను వాయిదా వేయరాదు. చేయి పట్టుకొనుట, తల నిమురుట, ప్రక్కన కూర్చుండి భుజించుట మానరాదు. అనేక గృహములలో శయ్య ఆగినప్పుడు ఇవన్నియు ఆగిపోవును. దంపతులను ఎక్కువగా బాధించునది ఈ ఎడబాటే. ఇరువురును సమ్మతించి సంయోగము లేకయే తృప్తిగా జీవించుచున్న దంపతులును కలరు. వారికి వ్యాధిలేదు, వారిని ఎవ్వరును ప్రశ్నింపనవసరము లేదు. ఒకరి తృప్తి మరియొకరి కంటనీరైనప్పుడే అది బాధ.

రహస్యముగా మందులమ్మువారిని గూర్చి కూడ హెచ్చరిక అవసరము. గోడలపై ప్రకటనలు చూచి, సిగ్గుచేత ప్రభుత్వ ఆసుపత్రికి పోక, వేలకొలది ధనము పోగొట్టుకొనువారు పెక్కురు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనఫిల్ అను మందు అంగస్తంభన లోపమునకు పనిచేయును. కాని గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు దానిని తీసికొనిన రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. మూలికల పేరుతో అమ్ముడుపోవు మందులలో ఇట్టి రసాయనములను రహస్యముగా కలుపుచున్నట్లు పలు దేశముల ఔషధ నియంత్రణ సంస్థలు కనుగొన్నవి. వైద్యునకు తెలియకుండ ఒక మాత్రయు మ్రింగరాదు.

ఇంతవరకు సహనమును గూర్చి చెప్పబడినది. సహింపరానిది ఒకటి కలదు. అది బలాత్కారము. పెండ్లి చేసికొనినంత మాత్రమున ఒకరి దేహముపై మరియొకరికి యాజమాన్యము రాదు. ఉడుతడికి చెందిన అక్కమహాదేవిని కౌశికుడను రాజు కోరెననియు, ఆమె విధించిన నియమములను అతడు అతిక్రమింపగా సర్వమును విడిచి వెడలెననియు సంప్రదాయము చెప్పుచున్నది. శరణులు ఆమెను భర్తను కాదన్నదని నిందింపలేదు. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఆమెను ప్రశ్నించి పరీక్షించిన పిమ్మట అక్క యని గౌరవించిరి. శ్రీశైలమున కదళీవనమునకు పోవు భక్తులు నేటికిని ఆమెకు మ్రొక్కుచున్నారు. స్త్రీ వలదన్న మాటకు విలువనిచ్చిన సమాజము శరణ సమాజము. నొప్పితో నున్న భార్యను బలవంతపెట్టుట, లేదా తన లోపమును కప్పిపుచ్చుకొనుటకు త్రాగి కొట్టుట దాంపత్య కలహము కాదు, అది హింస. గృహహింస నుండి స్త్రీలను రక్షించుటకు 2005లో చేయబడిన చట్టము లైంగిక హింసను గూడ అందు చేర్చినది. అట్టి స్థితిలోనున్న స్త్రీకి సర్దుకొనుమని బోధించుట ధర్మము కాదు. ఆమెకు రక్షణ చూపుట ధర్మము.

ఇక పెద్దలకును మఠములకును గల బాధ్యత. సంతానము కలుగలేదని కోడలిని నిందించుటకు ముందు, దంపతులను కలిసి పరీక్షింపబడుడని చెప్పవలెను. సంతానలేమికి కారణము పురుషునియందును ఉండును. అతని పరీక్ష స్త్రీకి చేయు పరీక్షలకంటె సులభము. కుమారుని లోపము తెలిసియు దాచి, పెండ్లియైన అన్నియు సరియగునని ఒక కన్యను తెచ్చుట రెండు జీవితములకు చేయు ద్రోహము. ఎవరైన దంపతులు పీఠమునకు వచ్చి తమ బాధ చెప్పుకొనిన, గురువు దానిని విని తన గుండెలోనే ఉంచుకొనవలెను. వ్రతములు చెప్పి పంపక, తగిన వైద్యుని కడకు దారి చూపవలెను. విభూతి ఇచ్చి ధైర్యము చెప్పుట గురుధర్మము. విభూతియే మధుమేహమునకు మందని చెప్పుట గురుధర్మము కాదు.

అన్ని ప్రయత్నములు చేసినను కొన్ని కాపురములు నిలువవు. 1955 నాటి హిందూ వివాహ చట్టము వీరశైవులను, లింగాయతులను పేర్కొని మరీ తన పరిధిలో చేర్చినది. భాగస్వామి అసమర్థత వలన సంయోగమే జరుగని వివాహమును రద్దు చేయించుకొనుటకు అందు వీలు కలదు. 1976లో చేసిన సవరణతో పరస్పర సమ్మతిపై విడిపోవుటకు అవకాశము కలిగినది. ఆ చట్టము క్రింది విచారణలు తలుపులు మూసియే జరుపవలెనని కూడ చట్టమే చెప్పుచున్నది. న్యాయస్థానమే దంపతుల రహస్యమును ఇంత మర్యాదతో కాపాడుచుండగా, బంధువులు దానిని పెండ్లిపందిళ్లలో చర్చించుట ఎంతటి అనాచారము! విడిపోవలసివచ్చినవారు సైతము ఒకరి దేహలోపమును మరియొకరు ఊరిలో చాటుకొనక, గౌరవముగా విడిపోవలెను.

అయినను అధిక సంఖ్యాకుల స్థితి అంతవరకు రానక్కరలేదు. ఏండ్ల తరబడి పేరుకొనిన వైరము ఒక్కొక్కచోట వైద్యుని ఎదుట అరగంట సంభాషణతో కరగుట కలదు. ఏలయన, ఆ అరగంటలో భార్య తనపై అయిష్టము లేదని తెలిసికొనును, భర్త తనపై హేళన లేదని తెలిసికొనును. వారు అంతకాలమును శత్రువులనుకొనిన ఇరువురును ఒకే వ్యాధిచేత గాయపడినవారని అప్పుడు కనుగొందురు. వ్యాధి తీరుటకు మాసములు పట్టవచ్చును. కొన్ని వ్యాధులు పూర్తిగా తీరకపోవచ్చును. వైరము తీరుటకు మాత్రము అంత కాలము అక్కరలేదు. ఇరువురును ఎదురెదురుగా నిలుచుట మాని, ఒకే ప్రక్కన నిలిచి, బాధను ఎదుట ఉంచుకొనిన చాలును.

అందుచేత ఈ రాత్రి లింగపూజ ముగించిన పిమ్మట, ఇంతకాలము చెప్పుకొనని మాట యున్న దంపతులు దానిని ఒకరికొకరు మెల్లగా చెప్పుకొందురు గాక. వినువారు మారయ్య వలె విందురు గాక, చెప్పువారు లక్కమ్మ వలె చెప్పుదురు గాక.

శరణు శరణార్థి.